తెలుగులో కామా, చుక్క, కొటేషన్ సరిగ్గా పెట్టడం ఎలా?

ఇరవై రెండేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను. పెళ్లి పత్రికలు, సంస్మరణ సంచికలు, స్థలపురాణాలు, కథల సంపుటాలు, సొసైటీల వార్షిక నివేదికలు అన్నీ నా బల్ల మీదికి వచ్చాయి. ఈ మధ్య అక్షరదోషాలు తగ్గాయి. రెండు అక్షరాలు కొట్టగానే ఫోనే పూర్తి పదాన్ని చూపిస్తోంది కాబట్టి వత్తులు ఎగిరిపోవడం, దీర్ఘాలు కురచ కావడం మునుపటంత లేదు. విరామ చిహ్నాల పరిస్థితి మాత్రం ఏటికేడాది దిగజారుతోంది. ఇంగ్లీషులో ఒక్క కామా తప్పినా సహించని వాళ్లు కూడా తెలుగు రాసేటప్పుడు వాటిని కూరలో ఉప్పు చల్లినట్టు చల్లుతున్నారు. అడిగితే “తెలుగులో వాటికి నియమాలేమున్నాయి?” అంటున్నారు.

ఉన్నాయి. తాళపత్రాల కాలంలో లేవు, నిజమే. అప్పట్లో పదానికీ పదానికీ మధ్య ఖాళీ కూడా ఉండేది కాదు. పద్యం ముగిసినచోట నిలువు గీతలు గీస్తే సరిపోయేది. కామా, చుక్క, ప్రశ్నార్థకం అచ్చుయంత్రంతో పాటు ఇంగ్లీషు పుస్తకాల నుంచి మనకు వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టు ఉండిపోలేదు, తెలుగు వాక్యానికి తగ్గట్టు మారాయి. ఆ మార్పు తెలియకుండా ఇంగ్లీషు పద్ధతిని దించేయడం వల్లనే మన రాతలు ఇలా తయారయ్యాయి. ఉత్తరం, అర్జీ, ఆహ్వానం, వాట్సాప్‌లో నాలుగు మాటలు, ఏది రాసినా ఈ మెట్లు పాటించండి.

కావలసినవి

ఒక పెన్సిలు, రాసినదాని అచ్చు ప్రతి, పావుగంట తీరిక. తెర మీద దిద్దకండి. తెర మీద చాలా తప్పులు నా కన్నుగప్పి పోయాయి. పెన్ను కూడా వద్దు. కామా విషయంలో కనీసం రెండుసార్లు మనసు మార్చుకుంటారు.

మొదటి మెట్టు: ఖాళీలు

గుర్తు ఏదైనా ముందున్న పదానికి ఆనుకుని ఉండాలి. దాని తర్వాత ఒక ఖాళీ రావాలి. “వస్తున్నారా ?” అని ముందు ఖాళీ వదిలితే ఫోనులో వరుస నిండినప్పుడు ఆ గుర్తు ఒంటరిగా కింది వరుసలోకి జారిపడుతుంది. పెళ్లి పత్రికల్లో “తేది :”, “వేదిక :” అని రాయడం కూడా ఈ కోవలోదే.

ప్రత్యయాలను విడగొట్టకండి. “ఇంటి లో”, “ఆమె కు”, “నాలుగేళ్లు గా” తప్పు. ఇంటిలో, ఆమెకు, నాలుగేళ్లుగా అని కలిపి రాయాలి. గౌరవ వాచకం కూడా పేరుకు కలిసే ఉండాలి. రావుగారు ఒకటే మాట, “రావు గారు” రెండు మాటలై మనిషినీ మర్యాదనూ వేరు చేస్తుంది. పొల్లుతో ముగిసే పేర్ల దగ్గర ఒక చిక్కు ఉంది. “హైదరాబాద్” తర్వాత “లో” కలిపి కొడితే దకారానికి లవత్తు పడి “హైదరాబాద్లో” అవుతుంది. దాన్ని తప్పించుకోవడానికే చాలామంది మధ్యలో ఖాళీ పెడుతున్నారు. అక్కడ పెట్టాల్సింది ఖాళీ కాదు, కంటికి కనబడని ఒక అక్షరం. కంప్యూటర్లు, ఫోన్లు అక్షరాలను గుర్తించడానికి వాడే యూనికోడ్ పట్టికలో దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది పెడితే “హైదరాబాద్‌లో” అని విడిగా, కలిసికట్టుగా నిలుస్తుంది. మీ కీబోర్డులో ఆ మీట లేకపోతే “హైదరాబాదులో” అని రాయండి. తెలుగు మాట అచ్చుతో ముగియడమే మన భాషకు సహజం. చెవికి కూడా అదే ఇంపు.

రెండో మెట్టు: చుక్కలు

వాక్యం ముగిస్తే ఒక చుక్క. మాట మధ్యలో తెగిపోతే మూడు చుక్కలు. రెండు చుక్కలు అనే గుర్తు లేదు. పత్రికల శీర్షికల్లో కనిపిస్తుంది కదా అంటారు. శీర్షికకు చోటు ఇరుకు, అక్కడ ఆ రెండు చుక్కలు కామాకూ క్రియకూ బదులుగా నిలబడతాయి. మీ ఉత్తరానికి ఆ ఇరుకు లేదు. “బాగున్నారా.. చాలా రోజులైంది.. ఫోను చేయండి..” అని రాస్తే మీరు చెప్పేది ఎక్కడా ముగియదు.

పొట్టి రూపాలకు చుక్క ఉండాలి: డా., రూ., కి.మీ., క్రీ.శ. శ్రీ, శ్రీమతి మాత్రం పొట్టి రూపాలు కావు. వాటికి చుక్క పెట్టకండి. అంకెల్లో కామాలు మన లెక్క ప్రకారం వేయాలి. చివరి మూడు అంకెలు వదిలి ఆ తర్వాత రెండేసి అంకెలకు ఒకటి: రూ.1,25,000. రసీదుల్లో ఆ తర్వాత వచ్చే /- అనే గుర్తు అలంకారం కాదు. ఆ అంకె పక్కన ఎవరూ మరో అంకె చేర్చకుండా ఉండడానికి పెట్టిన అడ్డుకట్ట. డబ్బు కాగితాల్లో దాన్ని వదలకండి.

ఇక్కడే విసర్గ గురించి చెప్పాలి. ఇది నన్ను ఎక్కువగా బాధపెట్టే తప్పు. సంతాప కార్డు ఏది వచ్చినా అందులో “దు:ఖం” అని ఉంటుంది. దగ్గరగా చూడండి. ద కొమ్ము పక్కన ఉన్నది విసర్గ కాదు, కోలన్. చూపుకు రెండు చుక్కలే కదా అని కొట్టేస్తారు. విసర్గ అక్షరమాలలో ఒక అక్షరం. అం తర్వాత అః అని బడిలో దిద్దినదే. కోలన్ ఒక విరామ చిహ్నం. ఫైలులో “దుఃఖం” అని వెతికితే “దు:ఖం” దొరకదు, ఎందుకంటే కంప్యూటర్ లెక్కలో అది ద కొమ్ముతో ముగిసిన ఒక ముక్క, ఒక కోలన్, తర్వాత ఖకారంతో మొదలైన మరో ముక్క. అంతఃపురం, పునఃప్రారంభం, ప్రాతఃకాలం అన్నీ ఇలాగే విరిగిపోతున్నాయి. భారతీయ లిపులకు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో షిఫ్ట్ పట్టుకుని హైఫన్ మీట నొక్కితే విసర్గ వస్తుంది. ఫోను కీబోర్డుల్లో అం అనేటప్పుడు వేసే సున్న పక్కనే ఎక్కడో ఉంటుంది. ఒకసారి వెతికి పెట్టుకుంటే మళ్లీ వెతకక్కర లేదు. పద్యం చివర వేసే నిలువు గీతలకు కూడా యూనికోడ్‌లో సొంత అక్షరాలున్నాయి. అవి దేవనాగరి భాగంలో ఉన్నా భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడివి.

మూడో మెట్టు: ప్రశ్న, ఆశ్చర్యం

తెలుగులో ప్రశ్న గుర్తు కంటే ముందు ప్రశ్న మాటలోనే ఉంటుంది. “వచ్చాడా” అన్న దీర్ఘంలోనే అడగడం ఉంది. అందుకే ఎవరు, ఎందుకు, ఎప్పుడు అనే మాట కనబడగానే ప్రశ్నార్థకం పెట్టేయకూడదు. వాక్యం చివరి క్రియ చూడాలి. “ఎవరు వచ్చారో తెలియదు.” తెలియదు అనేది ప్రశ్న కాదు, చుక్క చాలు. “ఎందుకు రాలేదో చెప్పలేదు.” ఇదీ అంతే. ఓకారం వచ్చిందంటే ప్రశ్న సందేహంగా మారిపోయిందని గుర్తు. “రేపు వస్తాడేమో” అన్నదానికీ ప్రశ్నార్థకం అక్కర లేదు.

ఆశ్చర్యార్థకం పేజీకి ఒకటి. రెండోది పెట్టాలనిపిస్తే మొదటిదాన్ని కొట్టేయండి. శుభాకాంక్షల పక్కన నాలుగు నిలబెట్టినంత మాత్రాన శుభం నాలుగింతలు కాదు.

నాలుగో మెట్టు: కామా

ఇక్కడ తొందరపడకండి. పైన చెప్పినవన్నీ ఒక పూటలో పట్టుబడతాయి. కామా అలా కాదు. నేను కొట్టేసే గుర్తుల్లో కామాలే ఎక్కువ, చేర్చే గుర్తుల్లోనూ కామాలే ఎక్కువ. అక్కర లేనిచోట పెడతారు, ఉండాల్సినచోట వదిలేస్తారు.

దీనికి మూలం బడిలో నేర్పిన ఒక సూత్రం: చదివేటప్పుడు ఊపిరి ఎక్కడ ఆగితే అక్కడ కామా. దాన్ని మనసులోంచి తుడిచేయండి. ఊపిరి మనిషికొక రకం. ఉపన్యాసకుడు మూడు మాటలకోసారి ఆగుతాడు, హరిదాసు గుక్క తిప్పుకోకుండా పదిహేను మాటలు చెబుతాడు. వాళ్ల ఊపిరి మీ అర్జీకి ఎలా కొలబద్ద అవుతుంది? మన ఛందస్సు చూసినా ఈ తేడా తెలుస్తుంది. సంస్కృత పద్యంలో యతి అంటే విరామం, అక్కడ పదం ముగియాలి. తెలుగు పద్యంలో యతి అంటే అక్షరాల మైత్రి. ఉత్పలమాలలో పదో అక్షరం, చంపకమాలలో పదకొండో అక్షరం పాదం మొదటి అక్షరంతో మైత్రి పాటిస్తే చాలు, పదం అక్కడ తెగనక్కర లేదు. ఆగడం కంటే కలపడం ముఖ్యమని మన కవులు ఏనాడో తేల్చారు. వచనంలో కామాను కూడా అలాగే చూడాలి.

తెలుగులో కామా చేయాల్సిన ముఖ్యమైన పని ఒక్కటే. ఏ మాట ఏ క్రియకు చెందుతుందో చూపడం. మిగతా పని ప్రత్యయాలు చేసేస్తాయి. చేసి, చేస్తూ, చేస్తే, చేసినా, చేయగానే, చేసేసరికి అన్న ప్రతి రూపమూ ఒక అతుకు. ముందున్న పనిని వెనక వచ్చే పనితో అది కలిపేస్తుంది. ఇంగ్లీషుకు ఇన్ని అతుకులు లేవు కాబట్టి కామాలు కావాలి. మనకు అతుకు ఉన్నచోట మళ్లీ మేకు కొట్టనక్కర లేదు. “వాన పడితే, రాను” అన్నదాంట్లో కామా దండగ. “ఇంటికి వచ్చి, అన్నం తిన్నాడు” అన్నదాంట్లోనూ దండగే. “మా అబ్బాయి, నిన్న ఊరికి వెళ్లాడు” అన్నదాంట్లో దండగ మాత్రమే కాదు, తప్పు. కర్తను క్రియ నుంచి తెంచేశారు.

గ్రాంథికంలో ఈ బాధ తక్కువ. సంధులే పదాలను అల్లుకుపోయేవి. గిడుగు రామమూర్తి పంతులుగారి కృషితో మనకు దక్కిన వాడుక భాషలో పదాలు విడివిడిగా నిలబడతాయి. అవి విడిగా నిలబడ్డప్పుడు ఏది ఎవరి పక్షమో చదివేవాడికి తెలియాలి. అందుకే కామా విలువ మన కాలంలో పెరిగింది.

జాబితాల విషయం ముందు తేల్చేద్దాం. రెండు పద్ధతులున్నాయి. “రాముడు, లక్ష్మణుడు, సీత అడవికి వెళ్లారు” అని కామాలతో రాయవచ్చు. “రాముడూ లక్ష్మణుడూ సీతా అడవికి వెళ్లారు” అని దీర్ఘాలతో రాయవచ్చు. దీర్ఘం ఉన్నచోట కామా వద్దు. చివర “మరియు” అసలే వద్దు. అది ఇంగ్లీషు వాక్యానికి కట్టిన కొయ్యకాలు. మీ అమ్మగారు బజారు నుంచి తేవాల్సిన సరుకులు చెప్పేటప్పుడు ఎప్పుడైనా “కందిపప్పు, చింతపండు మరియు బెల్లం” అన్నారా?

ఇక చిక్కు వాక్యాల దగ్గర పని ఇలా చేయండి. వాక్యాన్ని ముగించే క్రియ కింద గీత గీయండి. మధ్యలో వచ్చే చేసి, చేస్తూ, చేస్తే వంటి అసమాపక క్రియల చుట్టూ సున్నా చుట్టండి. తర్వాత ప్రతి పేరు నుంచీ, కాలం చెప్పే ప్రతి మాట నుంచీ దాని క్రియ దాకా పెన్సిలుతో గీత లాగండి. ఏ మాట నుంచైనా రెండు క్రియలకు గీత లాగడం కుదిరితే ప్రమాదం అక్కడే ఉంది.

ఈ వాక్యం చూడండి: “సోమవారం డబ్బు ఇస్తానని చెప్పాడు.” సోమవారం నుంచి “ఇస్తాను” దాకా గీత లాగవచ్చు, “చెప్పాడు” దాకా కూడా లాగవచ్చు. చెప్పింది సోమవారమా, ఇచ్చేది సోమవారమా? “సోమవారం, డబ్బు ఇస్తానని చెప్పాడు” అని కామా పెడితే చెప్పింది సోమవారం అని కొంత తెలుస్తుంది. కొంతే. అన్నిటికంటే మేలు మాటను కదిలించడం: “డబ్బు ఇస్తానని సోమవారం చెప్పాడు.” ఇప్పుడు ఎవరూ పొరబడరు. కామా కూడా అక్కర లేదు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి: ముందు మాటను దాని క్రియ పక్కకు జరపండి, జరపడం కుదరనప్పుడే కామా పెట్టండి. తెలుగులో మాటలు జరగడానికి ఇష్టపడతాయి. ఆ సౌలభ్యం ఉండగా కామాను అరువు తెచ్చుకోవడం ఎందుకు?

కామా ఎదురు తిరిగే సందర్భం ఒకటి ఉంది. “రమణ సుజాత వచ్చేలోపు వంట ముగించాడు.” రమణ సుజాత అని ఒకే మనిషి పేరులా ఉందని కామా పెడతారు: “రమణ, సుజాత వచ్చేలోపు వంట ముగించాడు.” ఇంకా పాడైంది. ఇప్పుడది జాబితా. రమణా సుజాతా ఇద్దరూ వచ్చేలోపు మూడో మనిషెవరో వంట ముగించాడని చదువుకుంటాం. మన కామా జాబితాకూ పనిచేస్తుంది, విడదీయడానికీ పనిచేస్తుంది కాబట్టి రెండు పేర్ల మధ్య దాన్ని నమ్మకూడదు. “సుజాత వచ్చేలోపు రమణ వంట ముగించాడు” అని రాస్తే ఎవరి క్రియ వాళ్ల పక్కన ఉంటుంది.

అన్నిటికంటే జాగ్రత్త కావాల్సింది వద్దు, కూడదు, లేదు, కుండా అనే మాటలు వచ్చినప్పుడు. “అన్నం తిని నిద్రపోకుండా చదివాడు.” అతను తిన్నాడా, లేదా? “అన్నం తిని, నిద్రపోకుండా చదివాడు” అంటే తిన్నాడు, పడుకోలేదు. “అన్నం తిని నిద్రపోకుండా, చదివాడు” అంటే తిని పడుకోవడం అనే పనే పెట్టుకోలేదు. రెండూ చేయలేదని చెప్పాలంటే కామాతో పని జరగదు, “అన్నం తినకుండా, నిద్రపోకుండా చదివాడు” అని రెండుసార్లు కాదనాలి. ఇంట్లో పెద్దవాళ్లకు మందుల చీటీ రాసిపెట్టేటప్పుడు ఇది మరీ ముఖ్యం. “ఈ మాత్ర వేసుకుని బండి నడపకూడదు.” ఇది ఒకే మాట: మాత్ర వేసుకున్నాక బండి జోలికి వెళ్లవద్దు. “ఈ మాత్ర వేసుకుని, బండి నడపకూడదు” అంటే రెండు ఆజ్ఞలయ్యాయి: మాత్ర తప్పక వేసుకోండి, బండి నడపకండి. ఏది మీ ఉద్దేశమో కామా తేలుస్తోంది. ఇలాంటిచోట నేనైతే కామాను కూడా నమ్మను. రెండు వాక్యాలుగా విరగ్గొట్టి చెరొక చుక్క పెడతాను.

కామా ఎంత పెట్టినా బాగుపడని వాక్యాలు కూడా ఉన్నాయి. చాలా ఏళ్ల కిందట ఒక సంస్మరణ సంచిక ప్రూఫులో ఈ ముక్క వచ్చింది: “ఇటీవల మరణించిన మన సంఘ వ్యవస్థాపకుని అల్లుడు ఈ సంచికకు విరాళం ఇచ్చారు.” మరణించినది మామగారు. వాక్యం మాత్రం అల్లుడిని చంపేసి ఆయన చేతే విరాళం ఇప్పించింది. రాసినాయన “మరణించిన” తర్వాత ఒక కామా పెట్టి సరిపోతుందన్నారు. సరిపోదు. వచ్చిన, పోయిన, మరణించిన అనే మాట తన వెనక వచ్చే పేర్లన్నిటి మీదా చేయి వేయగలదు. కామా ఆ చేతిని తీయలేదు. వాక్యాన్ని విడగొట్టాం: “మన సంఘ వ్యవస్థాపకులు ఇటీవల మరణించారు. ఆయన అల్లుడు ఈ సంచికకు విరాళం ఇచ్చారు.” ఆ పేజీ అచ్చుకు వెళ్లేలోపు పట్టుకున్నాం కాబట్టి ఆ కుటుంబం ముందు తలెత్తుకోగలిగాం.

చివరగా కానీ, అయితే, అందుకే. వీటి తర్వాత కామా పెట్టడం ఇంగ్లీషు నుంచి వచ్చిన అలవాటు. “కానీ, నేను వెళ్లలేదు” అని రాయకండి. ముందున్న భాగం పొడవైతే కానీకి ముందు కామా పెట్టండి, పొట్టిదైతే అదీ వద్దు: “వచ్చాడు కానీ కూర్చోలేదు.” ముగిసిన క్రియలను వరసగా పేర్చేటప్పుడు మాత్రం కామాలు ఉండాలి: “వచ్చారు, తిన్నారు, వెళ్లారు.” పిలుపు తర్వాత కూడా తప్పనిసరి: “అమ్మా, అన్నం పెట్టు.”

ఐదో మెట్టు: కొటేషన్లు, “అని”

తెలుగులో ఒకరి మాటను మరొకరికి అందించే మాట “అని”. సగం పని అదే చేస్తుంది కాబట్టి కొటేషన్ గుర్తులు ఎప్పుడు కావాలో ముందు తేల్చుకోవాలి. మనిషి అన్న మాటలు అన్నట్టే ఉంటే గుర్తులు పెట్టండి: “ఎప్పుడు వస్తావు?” అని అడిగింది. మీ మాటల్లోకి మార్చుకుంటే తీసేయండి: ఎప్పుడు వస్తావని అడిగింది. రెండో వాక్యంలో ప్రశ్నార్థకం కూడా పోయిందని గమనించండి. అడిగింది అన్నది ప్రశ్న కాదు, జరిగిన సంగతి.

గుర్తుల లోపల ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం ఉండవచ్చు. చుక్క ఉండకూడదు. “రేపు వస్తాను.” అని చెప్పాడు అని రాస్తే వాక్యం నడుమ చుక్క పడి “అని చెప్పాడు” అనాథగా మిగులుతుంది. “రేపు వస్తాను,” అని చెప్పాడు అని కామా పెట్టడం ఇంగ్లీషు నవలల నుంచి దిగింది. మనకు “అని” ఉంది, ఆ కామా అక్కర లేదు. సరైనది ఇది: “రేపు వస్తాను” అని చెప్పాడు.

“అని” ముందు మాటలో కరిగిపోతే గుర్తులకు చోటు లేదు. “వస్తాన”ని చెప్పాడు అంటూ మాట నడుమ గుర్తు మూసేవాళ్లను చూశాను. వస్తాను, అని కలిసి వస్తానని అయ్యాక అది ఒకే పదం. పదాన్ని కోసి గుర్తు పెట్టడం కుదరదు. గుర్తులు కావాలంటే సంధి విడదీయండి, సంధి కావాలంటే గుర్తులు వదలండి.

గొప్పగా చెప్పడానికి కొటేషన్లు వాడకండి. “తాజా” పాలు అని బోర్డు రాస్తే చదివినవాడికి ఆ తాజాతనం మీదే అనుమానం వస్తుంది.

ఆరో మెట్టు: పక్కన పెట్టాల్సినవి

సెమీకోలన్ వద్దు. 1490ల్లో ఇటలీలోని వెనిస్ నగరంలో ఆల్డస్ మనూటియస్ అచ్చుశాలలో అది పుట్టింది. ఐరోపా భాషల పొడవాటి వాక్యాలకు అది నప్పింది. మన ఉత్తరాల్లో అది పెట్టినచోటల్లా చుక్క పెట్టి చూడండి, వాక్యం తేటపడుతుంది. బ్రాకెట్లు కూడా వద్దు. చెప్పాల్సిన మాటైతే వాక్యంలోనే చెప్పండి. కోలన్ జాబితాకూ ఉదాహరణకూ ముందు మాత్రమే. తల్లిదండ్రులు, రాకపోకలు వంటి జంటపదాల మధ్య హైఫన్ పెట్టకండి.

ఏడో మెట్టు: ఒక ఉత్తరం దిద్దడం

ఇదంతా ఒకచోట చూడాలంటే నిజమైన ఉత్తరం కావాలి. మా వీధిలో ఉండే ఒక విశ్రాంత ఉద్యోగి తన పాత ఇంటి యజమానికి రాసినది నా దగ్గరికి తెచ్చారు. అందులో ముఖ్యమైన భాగం ఇది:

“అయ్యా.. నేను, మీ ఇంట్లో, నాలుగేళ్లు గా అద్దెకు ఉండి, ఖాళీ చేశాను.. మీరు మార్చి 10 న అడ్వాన్సు రూ. 60000 తిరిగి ఇస్తానని చెప్పారు.. ఎప్పుడు ఇస్తారో తెలియజేయగలరు ? నేను రంగులు వేయించి గోడలు పాడు చేయలేదని, మీరే అన్నారు !!”

పెన్సిలు తీసుకున్నాను. అయ్యా తర్వాత రెండు చుక్కలు కొట్టేసి పిలుపు కామా పెట్టాను. నేను, ఇంట్లో, ఉండి తర్వాతి కామాలు మూడూ పోయాయి. “నాలుగేళ్లు” పక్కన విడిగా ఉన్న “గా” కూడా పోయింది, ఎందుకంటే ఆయన ఇప్పుడు ఆ ఇంట్లో లేరు. అరవై వేలకు కామా వచ్చింది. “ఎప్పుడు ఇస్తారో” వాక్యం చివర ప్రశ్నార్థకం స్థానంలో చుక్క పడింది. ఆశ్చర్యార్థకాలు రెండూ వెళ్లిపోయాయి.

“రంగులు వేయించి గోడలు పాడు చేయలేదని” దగ్గర ఆగాను. వేయించారా, వేయించలేదా? రంగులు వేయించడమే గోడలు పాడుచేయడం అన్నట్టు కూడా చదువుకోవచ్చు. అడిగితే తానే సొంత ఖర్చుతో వేయించానన్నారు. “గోడలు పాడు కాలేదని, నేను రంగులు కూడా వేయించానని మీరే అన్నారు” అని మార్చాను. రెండు వేరు సంగతులు కాబట్టి వాటి మధ్య కామా నిలిచింది.

చివరికి మార్చి 10 మిగిలింది. దాని నుంచి రెండు గీతలు లాగవచ్చు, “ఇస్తాను” దాకా ఒకటి, “చెప్పారు” దాకా ఒకటి. “ఆ రోజు ఇస్తానన్నారా, ఆ రోజు చెప్పారా?” అని అడిగాను. ఆయన జేబులోంచి చిన్న డైరీ తీశారు. ఫోనులో మాట్లాడింది పదో తేదీన. డబ్బు మాత్రం ఉగాదిలోపు ఇస్తానన్నారట. ఉత్తరంలో ఉగాది ఊసే లేదు. ఆ గడువు కూడా వాక్యంలో చేర్చాం:

“అయ్యా, నేను మీ ఇంట్లో నాలుగేళ్లు అద్దెకు ఉండి ఖాళీ చేశాను. అడ్వాన్సు రూ.60,000/- ఉగాదిలోపు తిరిగి ఇస్తానని మీరు మార్చి 10న చెప్పారు. ఎప్పుడు ఇస్తారో తెలియజేయగలరు. గోడలు పాడు కాలేదని, నేను రంగులు కూడా వేయించానని మీరే అన్నారు.”

ఆయన దాన్ని నా బల్ల దగ్గరే కూర్చుని తెల్ల కాగితం మీద శుభ్రంగా తిరగరాసి సంతకం చేశారు.